చెవిలో మూడు గాజులు

కృపామణి క్షయ ఆసుపత్రి నించి ఇంటికొచ్చింది నలభై తొమ్మిదో సంవత్సరం జూన్ నెలలో. గురజాల స్టేషన్లో ఆమె మొగుడు యోబు బండి కట్టుకొచ్చి నిలబడి ఉన్నాడు. ఎనిమిది నెలల కిందట అదే స్టేషన్లో ఆమెని చేతుల మీద ఎత్తుకుని రైలెక్కించాడు. అప్పుడామె ఎముకల గూడు. ఇప్పుడు బుగ్గలు నిండాయి, దగ్గు లేదు, మనిషి మనిషిలా ఉంది. అయినా రైలు మెట్టు దిగడానికి చాలాసేపు తటపటాయించింది. రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, కళ్ళు నేల మీద పెట్టి, మట్టి తగిలేదాకా కాలు కిందికి చాచి వెతికింది. యోబు చెయ్యి అందించబోతే వద్దంది.

"తగ్గిందన్నారుగా?" అన్నాడు యోబు.

"ఆ జబ్బు తగ్గింది. ఇది మందు వల్ల వచ్చింది. బండెక్కినాక చెప్తా," అంది.

గురజాల నించి తంగెళ్ళపాలెం నాలుగు మైళ్ళు. ఆ నాలుగు మైళ్ళూ ఆమె చెబుతూనే ఉంది, అతను ఎడ్ల తోకల వంక చూస్తూ వింటూనే ఉన్నాడు.

కృపామణి తంగెళ్ళపాలెం మిషను బడిలో పదకొండేళ్ళుగా పంతులమ్మ. కిందటేడు వానాకాలంలో పాఠం చెబుతూ చెబుతూ రక్తం కక్కుకుంది. ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉత్త పాలూ గుడ్లూ పెట్టారు. జనవరిలో అమెరికా నించి స్ట్రెప్టోమైసిన్ అనే కొత్త మందు వచ్చింది. పొద్దునొక సూది, సాయంత్రమొక సూది, రెండున్నర నెలలు. మూడో వారానికి జ్వరం విడిచింది. పక్క మంచాల వాళ్ళు ఒక్కొక్కరే పోతున్న వార్డులో తను అన్నం అడిగి పెట్టించుకుని తింది. నాలుగో వారంలో ఒక పొద్దున లేవబోతే కప్పు, కిటికీ, నర్సు అన్నీ గిర్రున తిరిగాయి. పదిహేను రోజులు దిండు మీద నించి తల ఎత్తితే వాంతి. తర్వాత ఆ తిరుగుడు ఆగిపోయింది కానీ, లేచి నిలబడితే సిమెంటు నేల వదులు నులక మంచంలా కాళ్ళ కింద కుంగింది. కళ్ళు మూసుకుంటే తను ఎటు ఒరుగుతోందో తనకే తెలిసేది కాదు.

చెవులు మాత్రం ఎప్పట్లాగే వినిపిస్తున్నాయి. అందుకే డాక్టరు ఆశీర్వాదం గారు ఇది చెవి సంగతి అన్నప్పుడు ఆమె నమ్మలేదు. ఆయన మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఎవరివో విరిగిన చేతి గాజుల ముక్కలు మూడు తెప్పించాడు. చెవి లోపల డప్పు చర్మం లాంటి పొర ఉంటుందన్నాడు. దాని వెనక బియ్యపు గింజలంత ఎముకలు మూడు ఉంటాయి. శబ్దం వచ్చి పొరని కొడితే ఆ ఎముకలు ఒకదాన్నొకటి కదిపి దాన్ని ఇంకా లోపలికి పంపుతాయి. అక్కడ నత్తగుల్లలా చుట్టుకున్న గొట్టం ఒకటుంది. వినడం దాని పని. అది నీకు చెడిపోలేదు అన్నాడు.

"దాన్నానుకునే ఇవుంటాయి," అని గాజు ముక్కలు చూపించాడు. ఒకటి దుప్పటి మీద పడుకోబెట్టాడు. ఒకటి నిలబెట్టాడు. మూడోది దానికి అడ్డంగా నిలబెట్టి వేలితో పట్టుకున్నాడు. "ఇవి లోపల బోలు. వాటినిండా నీళ్ళు. నువ్వు తల తిప్పితే గాజు తిరుగుతుంది, నీళ్ళు మాత్రం ఒక్క క్షణం వెనకబడతాయి. ఆ నీళ్ళలో సన్నటి వెంట్రుకలున్నాయి. అవి ఏట్లో నాచు లాగా వంగుతాయి. తల ఎటు తిరిగిందో మెదడుకి కబురు అట్లా అందుతుంది. ఆ కబురుతోనే కళ్ళు నిలకడగా చూస్తాయి, ఒళ్ళు నిటారుగా నిలబడుతుంది. మందు నీ ఊపిరితిత్తుల్ని బాగుచేసింది, ఆ వెంట్రుకల్ని చంపింది."

మళ్ళీ మొలుస్తాయా అని అడిగింది కృపామణి. మొలవవన్నాడు. ఇట్లా అవుతుందేమోనన్న అనుమానం తనకుందని, ఆమెతో చెప్పకుండానే సూది వేయించానని కూడా అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన ఆమె మొహంలోకి చూడలేదు.

"అడిగినా వెయ్యమనే అనేదాన్ని," అంది ఆమె.

అప్పుడాయన అసలు మాట చెప్పాడు. మనిషిని నిలబెట్టేవి మూడు: చెవిలోని ఈ గాజులు, కళ్ళు, పాదాలు. మూడు రాళ్ళ పొయ్యిలో ఒక రాయి పోయింది. ఉన్న రెండింటి మీదే నిలబడడం నేర్చుకోవాలి. అది మంచంలో కూర్చుంటే రాదు. నడిచి, తూలి, పడి, లేస్తేనే వస్తుంది.

బండి ఊళ్ళోకి వచ్చేటప్పటికి కృపామణి చెప్పడం అయిపోయింది. యోబు ఎడ్లని ఆపి అడిగింది ఒక్కటే. బడి మానేస్తావా అని.

"బడి తెరవడానికి ఇంకా పన్నెండు రోజులుంది. అప్పటికి నడుస్తా," అంది ఆమె.

ఆ పన్నెండు రోజులూ ఆమె నడుస్తూనే ఉంది. ఇంటి ముందు నాపరాళ్ళు పరిచిన వీధి, ఇరవై అడుగుల పొడుగు గోడ. పొద్దున గోడకి చెయ్యి ఆనించి నడిచింది. మధ్యాహ్నం చెయ్యి గోడకి జానెడు దూరంలో పెట్టి నడిచింది. చెప్పులు విడిచేసింది, పాదానికి రాయి తెలియాలని. జూన్ ఎండకి నాపరాళ్ళు పెనంలా కాలుతుంటే పక్కింటి హజ్రా బీ వచ్చి రాళ్ళ మీద నీళ్ళు చల్లేది. హజ్రా బీకి అరవై ఏళ్ళు, మాట కటువు. "చచ్చి బతికొచ్చావు, కాస్త కూచోవే అమ్మాయ్," అని తిట్టేది. తిడుతూనే ఆమె వెనకాల చేతులు చాపుకుని నడిచేది. కృపామణి ఏడుసార్లు పడింది. ఒకసారి మోచెయ్యి చీరుకుపోయింది. బడి తెరిచిన రోజు యోబు పక్కన నడుచుకుంటూ బడికి వెళ్ళింది, చెయ్యి పట్టుకోలేదు.

బడిలో ఏ పని ఎట్లా చేయాలో ఆమె కొత్తగా నేర్చుకుంది. తల కదిలితే బోర్డు మీద అక్షరాలు ఎగిరేవి. అందుకని మెడ బిగబట్టి రాసేది. కింద పడ్డ సుద్దముక్క కోసం వంగకుండా మోకాళ్ళ మీద కూర్చుని తీసుకునేది. పిల్లలకి ఇది నాలుగు రోజులు వింత, తర్వాత వాళ్ళు పట్టించుకోలేదు.

వీధిలోనే చిక్కొచ్చింది. ఆమె నడుస్తుంటే అడుగడుక్కీ లోకమంతా పైకీ కిందికీ అదిరేది. ఎదురుగా వచ్చేవాళ్ళ మొహాలు గుర్తుపట్టాలంటే ఆగి చూడాలి. ఆగకపోతే ఎవరో తెలిసేది కాదు. నమస్తే పంతులమ్మా అన్న గొంతు విని పలికేది కానీ, మాట్లాడకుండా తలూపి పోయినవాళ్ళకి జవాబు దొరికేది కాదు. చీకటి పడితే కళ్ళ సాయం కూడా పోయేది. కాళ్ళు వెడల్పుగా వేసి, ఒక పక్కకి ఒరిగి, మళ్ళీ సర్దుకుని నడిచేది. జిల్లాలో అప్పటికి మద్యనిషేధం అమల్లో ఉంది. అయినా ఊరవతల నాటుసారా కాస్తూనే ఉన్నారని అందరికీ తెలుసు. తూలుతూ నడిచే మనిషిని చూస్తే జనానికి వచ్చే ఆలోచన ఒక్కటే.

అక్టోబరులో ఒక సాయంత్రం సంఘం మందిరంలో ప్రార్థన ముగిశాక ఆమె ఒక్కతే బయల్దేరింది. దీపాలు పెట్టే వేళ. వాన కురిసి వీధంతా మెత్తగా ఉంది, పాదాలకి ఏమీ తెలియడం లేదు. కామేశం కొట్టు ముందు బురదలో కాలు దిగబడి, పట్టుకోవడానికి ఏమీ దొరక్క, కొట్టు అరుగు మీది మిరపకాయల బస్తాల మీదికి పడింది. బస్తా ఒకటి దొర్లి విప్పుకుంది. కొట్టు దగ్గర పదిమంది ఉన్నారు. కామేశం లేవదీశాడు. మోకాలి నొప్పితో ఆమె మాట తడబడింది. ఎవరో నవ్వారు. పంతులమ్మకి కూడా అలవాటైందిరా అన్న మాట చెవిన పడింది. చెవులు బాగా పని చేస్తున్నాయి గనక ప్రతి మాటా స్పష్టంగా వినపడింది.

వారం తిరక్కుండా ఆ మాట గురజాలలో ఉన్న పాస్టరు గారి దాకా పోయింది. మిషను బళ్ళన్నిటికీ ఆయనే మేనేజరు. విచారణ అయ్యేదాకా బడికి వెళ్ళొద్దని ఆయన చీటీ పంపించాడు. విచారణ వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత.

యోబుకి కోపమొచ్చింది. కామేశం కొట్టుకి పోయి అడుగుతానన్నాడు. కృపామణి ఆపింది. కామేశం లేవదీశాడే గాని ఏమీ అనలేదని, కోపంతో పోతే తాగినదాని మొగుడు తగువుకొచ్చాడంటారని చెప్పింది. డాక్టరుకి ఉత్తరం రాసింది. జవాబు మూడో రోజుకే వచ్చింది, ఇంగ్లీషులో, సంతకంతో. కానీ దాన్ని రెండుసార్లు చదువుకుని పక్కన పెట్టింది. తలతిరుగుడు, తూలడం అని రాసి ఉంది అందులో. సారా తాగినవాడికీ అవే ఉంటాయి. ఈ కాగితం చదివి ఎవరు నమ్ముతారు?

శుక్రవారం పొద్దున కృపామణి హజ్రా బీ పెరట్లో కూర్చుని ఉంది. హజ్రా బీ మనవరాలు గుల్జార్ వేపకొమ్మకి కట్టిన ఉయ్యాలలో కూర్చుని, తాళ్ళు మెలిపడేదాకా చుట్టూ తిరిగి, కాళ్ళెత్తి వదిలేసింది. తాళ్ళు విడుతూ పిల్ల బొంగరంలా తిరిగింది. ఆగాక దిగి, నాలుగడుగులు వంకరగా వేసి, నేల మీద కూలబడి నవ్వింది. ఇల్లంతా తిరుగుతోంది నానీ అని అమ్మమ్మతో అంది.

కృపామణి ఆ పిల్ల కళ్ళవంక చూసింది. కళ్ళు ఒకే పక్కకి మాటిమాటికీ కొట్టుకుంటున్నాయి. పిల్ల ఆగింది, చెవిలో నీళ్ళు ఇంకా ఆగలేదు, అనుకుంది. నీళ్ళు వెంట్రుకల్ని వంచుతున్నాయి, ఇంకా తిరుగుతున్నావు అని మెదడుకి కబురు పోతోంది. అందుకే ఆ తూలడం. మరి వెంట్రుకలే లేని చెవి ఏం చేస్తుంది?

ఆమె లేచి వెళ్ళి ఉయ్యాలలో కూర్చుంది. "పిన్నీ, తాళ్ళు మెలిపెట్టి వదులు," అంది.

హజ్రా బీ ఒప్పుకోలేదు. పిచ్చి పట్టిందా, మామూలుగా నడవలేనిదానివి అంది. కృపామణి మళ్ళీ అడిగింది. చివరికి ముసలామె తాళ్ళు మెలిపెట్టింది. పెరడూ, గోడా, వేపచెట్టూ కళ్ళ ముందు నించి కొట్టుకుపోయాయి. ఉయ్యాల ఆగింది. పెరడూ ఆగింది. గోడ గోడలా ఉంది. కృపామణి దిగి నిలబడింది. తల తిరగలేదు. రవ్వంత కూడా తిరగలేదు. ఇంకోసారి చేయించింది. మూడోసారి రెండోవైపుకి మెలిపెట్టించింది. అంతే. హజ్రా బీ తాడు పట్టుకుని నోరు తెరుచుకుని చూస్తూ నిలబడింది.

"ఈ తాడు నాకు ఆదివారం దాకా కావాలి పిన్నీ," అంది కృపామణి.

ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరూ ఇళ్ళకి పోలేదు. మందిరం ముందు చింతచెట్టు కింద పాస్టరు గారికి కుర్చీ వేశారు. పక్కన సంఘపెద్ద యోహాను నిలబడ్డాడు. యోహాను చెడ్డవాడు కాదు. అతని తమ్ముడు సారా తాగి తాగి చచ్చిపోయాడు, ఆ కుటుంబాన్ని అతనే సాకుతున్నాడు. తాగుడు అన్న మాట వింటే అతనికి ఒళ్ళు మండుతుంది. కామేశాన్ని కూడా పిలిపించారు. ఆయన వచ్చి, ఆమె తన కొట్టు ముందు పడ్డ మాట నిజమేనని, తనకి వాసన ఏమీ రాలేదని, మిరపకాయల ఘాటులో తెలియకపోయిందేమో కూడా చెప్పలేనని, ఉన్నదున్నట్టు చెప్పాడు.

పాస్టరు గారు డాక్టరు ఉత్తరం చదివి తెలుగులో చెప్పాడు. చెప్పి, కృపామణి వంక చూశాడు. యోహాను అడ్డొచ్చాడు. మందు ఆపి ఏడు నెలలైతే ఇంకా తూలడమేందని అడిగాడు. అది అడగాల్సిన ప్రశ్నే. చాలామంది తలలూపారు.

కృపామణి ముందుకొచ్చింది. చెట్టు కింద నేల గట్టిగా, ఎండ తెల్లగా ఉంది. అడుగులు తడబడలేదు. గాజుల సంగతి, నీళ్ళ సంగతి, వెంట్రుకల సంగతి తరగతిలో చెప్పినట్టే చెప్పింది. చచ్చిన వెంట్రుకలు ఏడు నెలలకే కాదు, ఏడేళ్ళకీ మొలవవంది. మాటలతో నమ్మమని అడగడం లేదని, చూసి నమ్మమంది. యోబు అప్పటికే చింతకొమ్మకి తాడు వేసి పీట కట్టాడు.

"పెదనాన్నా, ముందు మీరు కూచోండి," అంది యోహానుతో. "తాగినోళ్ళూ తాగనోళ్ళూ అందరికీ తల తిరుగుద్ది దీంట్లో. మీరు తాగరని ఊరందరికీ తెలుసు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నా."

యోహాను పాస్టరు గారి వంక చూశాడు. ఆయన కూర్చోమన్నట్టు చెయ్యి ఊపాడు. యాభై ఏళ్ళ మనిషి, పంచె సర్దుకుని పీట మీద కూర్చున్నాడు. యోబు తాళ్ళు పది మెలికలు పెట్టి వదిలాడు. ఉయ్యాల ఆగాక యోహాను లేచి ఒక్క అడుగు వేశాడు. రెండో అడుగు పక్కకి పడింది. పాస్టరు గారి కుర్చీ పట్టుకోబోయి ఆయన భుజం పట్టుకున్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు. పాస్టరు గారు ఆ వైపు చూసేసరికి ఆపేశారు.

కృపామణి కూర్చుంది. ఆమె నెమ్మదిగా, ఇంకో అయిదు మెలికలు ఎక్కువ పెట్టమంది. పదిహేను మెలికలు. తాళ్ళు విడుతూ ఉయ్యాల గిర్రున తిరిగింది. ఆగగానే ఆమె లేచి, తిన్నగా పాస్టరు గారి ముందుకి ఆరడుగులు నడిచి నిలబడింది.

"నా కళ్ళు చూడండి అయ్యగారూ. పెదనాన్న కళ్ళు కూడా చూడండి," అంది.

పాస్టరు గారు లేచి ఇద్దరి కళ్ళూ చూశాడు. యోహాను కళ్ళు ఇంకా కొట్టుకుంటున్నాయి. ఆమెవి దీపంలా నిలకడగా ఉన్నాయి. ఆయన ఆమెని మళ్ళీ కూర్చోమన్నాడు, ఈసారి తనే తాళ్ళు మెలిపెట్టాడు. మళ్ళీ అంతే. జనంలోంచి గుసగుసలు మొదలయ్యాయి.

"ఇప్పుడు ఇంకోటి," అంది కృపామణి. హజ్రా బీని పక్కకి రమ్మంది. కాళ్ళు దగ్గరగా పెట్టి నిలబడి కళ్ళు మూసుకుంది. మూడు అంకెలు లెక్కపెట్టేలోగా నరికిన చెట్టులా పక్కకి ఒరిగింది. హజ్రా బీ రెండు చేతులతో పట్టుకుంది. కృపామణి కళ్ళు తెరిచి నిటారుగా సర్దుకుంది.

"చీకటంటే నాకిది. దీపాలేళకి రోడ్డు మీద నేను నడిచేది ఇట్లా. దాచుకోవాల్సిన పని నేనేం చెయ్యలేదు. చేసుంటే ఈ తాడు తెచ్చుకునేదాన్ని కాదు."

యోహాను చెట్టు మొదలుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. తల ఇంకా తిరుగుతోందో, మరేమిటో, అరచేతులతో మొహం తుడుచుకున్నాడు. "నాకు తెలియదమ్మా ఇది," అన్నాడు. ఆ ఒక్క మాటే అన్నాడు.

పాస్టరు గారు సోమవారం నించి బడికి వెళ్ళమన్నాడు. వెంట ఎవరన్నా తోడు నడిస్తే మంచిదని కూడా అన్నాడు. పగలు తోడు అక్కర్లేదంది ఆమె. ఇంకొకటి అడిగింది. బడికి రావొద్దని చీటీ రాసినట్టే, తప్పు లేదని కూడా రాయాలి, వచ్చే ఆదివారం సంఘంలో పైకి చదవాలి. ఆయన అట్లా ఎన్నడూ చేయలేదు. అయినా సరేనన్నాడు. చెప్పినట్టే చదివాడు కూడా.

ఆ తర్వాత అందరూ నమ్మారని కాదు. నాటుసారా కాచేవాళ్ళే ఆ ఉయ్యాల గారడీ అని వాగారు. ఆమె దానికి జవాబు చెప్పడానికి ఆగలేదు. చలికాలం వచ్చి తొందరగా పొద్దుగూకడం మొదలైంది. సాయంత్రాల్ని వదులుకోవడం ఆమెకి ఇష్టం లేదు. గురజాల సంతలో హరికేన్ లాంతరు ఒకటి తెప్పించుకుంది. ఎడమ చేత్తో దాన్ని మోకాలి కిందికి పట్టుకుంటే వెలుగు నేల మీద పడుతుంది. కుడి చేతిలో కర్ర. కర్ర చివర నేలకి తగిలిన కబురు అరచేతికి తెలుస్తుంది. పాదాలు రెండుంటే ఇది మూడోది. జనవరి దాకా రోజూ ఇంటి నించి బడి దాకా చీకట్లో నడిచి నేర్చుకుంది. యోబు పదడుగుల వెనక నడిచేవాడు. ఒక సాయంత్రం వెనక్కి తిరిగి, నువ్వు పోయి ఎడ్లకి చొప్ప వేసుకో పో అంది. అతను కాసేపు నిలబడి చూసి వెళ్ళిపోయాడు. ఆ చలికాలంలో రెండుసార్లు పడింది. రెండుసార్లూ లాంతరు గాజు పగిలింది, ఆమెకి దెబ్బ తగల్లేదు.

ఫిబ్రవరిలో కూలికి పోయే ఆడవాళ్ళకి బడిలో దీపాల చదువు మొదలుపెట్టింది, వారానికి మూడు సాయంత్రాలు. వాళ్ళకి తీరేది ఆ వేళే. మొదటిరోజు ఏడుగురు వచ్చారు. వాళ్ళలో యోహాను కోడలు ఉంది, పొలం నించి తిన్నగా వచ్చిన ఇద్దరు ముసలమ్మలున్నారు. హజ్రా బీ చదువుకోవడానికి కాదు, చూడ్డానికి వచ్చానంటూ గుమ్మం దగ్గర కూర్చుంది. కృపామణి పలకలు పంచింది. మెడ కదలకుండా బోర్డు ముందు నిలబడి, మొదటి అక్షరం పెద్దదిగా రాసి, అందరినీ గొంతెత్తి పలకమంది.